పెంపుడు కుక్క గుర్రుమంటే అది పొగరా, భయమా, నొప్పా?

మీ కుక్క మూడేళ్ల మగ లాబ్రడార్ అనీ, నలభై రోజుల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నారనీ, టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు అయిదో నెల వచ్చేదాకా, ఫ్లాట్ గుమ్మం దాటనివ్వలేదనీ రాశారు. మొదటి నుంచీ కొత్తవాళ్లను చూస్తే వెనక్కి తగ్గేదనీ, కిందటి దీపావళి తర్వాత ఇంటికి వచ్చినవాళ్ల మీద మొరగడం, గుర్రుమనడం ఎక్కువైందనీ, మీ మామగారు పేపరు చుట్టి కొట్టడం మొదలుపెట్టాక గుర్రుమనడం మానేసిందనీ, అంతా సర్దుకుందని మీరు అనుకుంటున్న సమయంలో, సోఫా పక్కన పడుకున్న దాని తల నిమరబోయిన మీ బావమరిది చేతిని ఏ హెచ్చరికా లేకుండా కరిచిందనీ చెప్పారు. చెవులు తుడవబోతే ఈమధ్య తల విదిలించుకుని లేచిపోతోందని చివర్లో మాటవరసకు రాసిన వాక్యం నాకు మిగతా వాటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. దీనికి పొగరెక్కిందా, పిచ్చి పట్టిందా, ఎవరికైనా ఇచ్చేయాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు కాటు సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. కుక్క పళ్లు దిగినా, గీరుకున్నా ఆ చోటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివి పెట్టకూడదు. మన ఇంటి కుక్కే కదా, దానికి టీకాలు వేయించాం కదా అని ఊరుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లి రేబిస్ టీకా సంగతి తేల్చుకోవాలి. మీ కుక్క కరిచి మూడు వారాలు దాటిందనీ, శుభ్రంగా తింటూ తిరుగుతోందనీ రాశారు. కరిచిన రోజున కుక్క లాలాజలంలో రేబిస్ వైరస్ ఉండి ఉంటే పది రోజుల్లోపే జబ్బు బయటపడి కుక్క ప్రాణం మీదికి వచ్చేది. కాబట్టి ఈ కాటు విషయంలో ఆ భయం లేదు. అయితే ఆ పది రోజుల గడువు కుక్కను గమనించడానికే గాని మనిషికి టీకా వాయిదా వేయడానికి కాదు. టీకాలు లేని కుక్క ఉన్నట్టుండి స్వభావం మారి, గొంతు మారి, చొంగ కారుస్తూ ఎదురుపడినవాళ్లనల్లా కరవబోతే దాని జోలికి పోకుండా వెంటనే పశువైద్యుడికి తెలపాలి.

ఇక మీ ప్రశ్న. పశువైద్యుడిగా చాలా ఏళ్లుగా కుక్కల ప్రవర్తన సమస్యలను చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఇంట్లో పెరిగే కుక్క మనుషుల మీదికి వస్తోందంటే ఎక్కువ సందర్భాల్లో దాని వెనుక భయమో, ఒంట్లో నొప్పో, ఆ రెండూనో ఉంటాయి. భయపడిన జంతువుకు ఉన్న దారులు కొన్నే: పారిపోవడం, కదలకుండా బిగుసుకుపోవడం, ఎదురు తిరగడం. పారిపోయే వీలుంటే కుక్క సాధారణంగా ఆ దారే పడుతుంది. మెడకు గొలుసు ఉన్నప్పుడు, లిఫ్టులో నలుగురి కాళ్ల మధ్య నిలబడినప్పుడు, సోఫాకూ గోడకూ మధ్య పడుకుని ఉండగా మనిషి మీదికి వంగినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడది ఏం చేసినా ఎదుటివాళ్లు దూరం జరగాలన్న ఒకే ఉద్దేశంతో చేస్తుంది. మొరిగితే కొరియర్ అబ్బాయి వెళ్లిపోయాడు, గుర్రుమంటే చెయ్యి వెనక్కి పోయింది. ఆ ఊరటే దానికి బహుమతి అయి, ఆ పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది. కొరియర్ అబ్బాయి పార్సిల్ ఇచ్చి ఎలాగూ వెళ్లిపోయేవాడేనని కుక్కకు తెలియదు. తాను మొరగబట్టే వెళ్లాడని నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది.

ఏ హెచ్చరికా లేకుండా కరిచిందన్న మాట నేను దాదాపు ప్రతి కుటుంబం నోటా వింటాను. హెచ్చరిక ఉంటుంది, మన కంటికి ఆనదు. ఈసారి ఎవరైనా ఇంటికి వచ్చినప్పుడు కుక్కను గ్రిల్ తలుపు వెనుక ఉంచి, దాని ముఖాన్ని మాత్రమే ఫోనులో వీడియో తీసి, తర్వాత వేగం తగ్గించి చూడండి. అంతవరకు నాలుక వేలాడదీసి వగరుస్తున్న కుక్క మనిషి కొంత దూరంలో ఉండగానే ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. ఎదుట తిండి లేకపోయినా నాలుకతో ముక్కు కొనను ఒకసారి తడుపుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తల పక్కకు తిప్పుకుంటుంది గాని చూపు మనిషి మీదే ఉండిపోతుంది, అందువల్ల కంటి మూలలో తెల్లగుడ్డు బయటపడుతుంది. చెవులు వెనక్కి అతుక్కుంటాయి, బరువు వెనక కాళ్ల మీదికి జరుగుతుంది, ఆ తర్వాత ఒళ్లంతా ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కాటుకు ముందు అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఈ బిగుసుకుపోవడమే. పై పెదవి లేవడం, గుర్రుమనడం, గాలిలో పళ్లు టకటకలాడించడం దాని తర్వాతి మెట్లు. తోక ఊపుతూనే కరిచిందని ఆశ్చర్యపోయేవాళ్లూ ఉన్నారు. ఒళ్లంతా వదులుగా ఉండి, నడుముతో సహా తోక అటూ ఇటూ విశాలంగా ఊగితే అది స్నేహం; ఒళ్లు బిర్రుగా ఉండి, తోక ఎత్తుగా నిలిచి, కొన మాత్రం చిన్నగా, వేగంగా కదులుతుంటే అది లోపలి ఉద్రేకానికి గుర్తు, దగ్గరకు రమ్మనే పిలుపు కాదు.

మీ ఇంట్లో జరిగిన తప్పు ఇక్కడే ఉంది, మన్నించండి, దాన్ని దాచి చెప్పలేను. గుర్రుమన్నప్పుడల్లా పేపరు దెబ్బ పడడంతో కుక్క గుర్రుమనడం మానేసింది, భయపడడం మానలేదు. వంటగ్యాసుకు వాసన ఉండదు కాబట్టి లీకైతే తెలియాలని కంపెనీలు అందులో ఘాటు వాసన కలుపుతాయి. గుర్రుమన్న కుక్కను కొట్టడం ఆ వాసనను తీసేసి లీకు ఆగిందనుకోవడం వంటిది. పైగా దెబ్బ ఎప్పుడు పడుతోందో చూడండి: కొత్త మనిషి ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ పడుతోంది. కుక్క వైపు నుంచి చూస్తే కొత్త మనిషి రావడమంటే ఒంటికి దెబ్బ తగలడం. గంట మోగితే తిండి వస్తుందని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లోని కుక్కలకు చొంగ ఊరినట్టే, మీ కుక్కకు కాలింగ్ బెల్ మోగితే గుండె దడ మొదలవుతుంది. మొదట కొంచెమే ఉన్న అనుమానం ఈ దెబ్బలతో గట్టి నమ్మకంగా మారింది.

మీ మామగారిని నేను తప్పుపట్టడం లేదు. కుక్కకు యజమాని ఎవరో చూపించాలి, వెల్లకిలా పడేసి తొక్కిపట్టాలి, మనం తిన్నాకే దానికి పెట్టాలి అని చెప్పే శిక్షకులు మన నగరాల్లో ఇప్పటికీ ఉన్నారు, మీ ట్రైనర్ కూడా అదే చెప్పారని రాశారు. ఆ ఆలోచనకు మూలం తోడేళ్ల మీద జరిగిన పాత పరిశీలనలు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒక ఆవరణలో బంధించి ఉంచినప్పుడు అవి పెత్తనం కోసం కొట్టుకోవడాన్ని జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాశాడు. అడవిలోని గుంపు నిజానికి తల్లీ తండ్రీ, వాటి పిల్లలూ ఉన్న కుటుంబమని, అక్కడ ఆ రకమైన పెత్తనపు పోరాటం కనబడదని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరించాడు. ఒకప్పుడు ఆ పెత్తనపు భావన జనంలోకి వెళ్లడానికి తన రచన కూడా కారణమైంది కాబట్టి దాన్ని సరిదిద్దే పని ఆయనే చేపట్టాడు. తోడేళ్ల సంగతి అలా ఉంచినా, బలప్రయోగం కుక్క మీద ఎలా పనిచేస్తుందో నేరుగా చూసినవాళ్లు ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రవర్తన సమస్యలతో వచ్చిన 140 కుక్కల యజమానులను అడిగి మెగన్ హెరాన్ బృందం 2009లో ప్రచురించిన సర్వే ప్రకారం, కొట్టిన లేదా తన్నిన యజమానుల్లో 43 శాతం మందికి, నోట్లోది బలవంతంగా లాక్కున్నవాళ్లలో 39 శాతం మందికి, వెల్లకిలా పడేసి పట్టుకున్నవాళ్లలో 31 శాతం మందికి కుక్క ఎదురు తిరిగింది. సమస్యను తగ్గించడానికి చేసిన పనే అంతమంది ఇళ్లలో కాటు దాకా తీసుకువెళ్లే దారి అయింది.

భయం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. కొంత పుట్టుకతోనే వస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ 1959లో నోవోసిబిర్స్క్ దగ్గర వెండి నక్కల మీద మొదలుపెట్టిన ప్రయోగంలో, మనిషికి తక్కువ భయపడే నక్కలను మాత్రమే ఎంచి తరతరాలుగా జత కట్టిస్తే కొన్ని తరాలకే మనిషిని చూసి తోక ఊపే నక్కలు పుట్టాయి. ఎదురు తిరిగేవాటిని ఎంచి జత కట్టిస్తే మరింత ఉగ్రమైన సంతతి వచ్చింది. కాబట్టి పిల్లను కొనేటప్పుడు వంశ పత్రం కన్నా ముందు తల్లిని చూడాలని నేను అందరికీ చెబుతాను. కొత్తవాళ్లను చూసి వణికే, పళ్లు చూపే తల్లి పిల్లలకు ఆ స్వభావం రక్తంలోనూ వస్తుంది, ఆ తల్లి పక్కన పెరగడం వల్లా వస్తుంది. తల్లిని చూపించడానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే ఆ పిల్లను వదులుకోవడమే మేలు.

పుట్టుకతో వచ్చినది కొంతైతే, మొదటి మూడు నెలల్లో జరిగేది అంతకన్నా తక్కువ కాదు. పిల్లకు మూడో వారం నుంచి దాదాపు పన్నెండు, పద్నాలుగో వారం దాకా ఉన్న కాలంలో చూసినవాటిని, విన్నవాటిని మామూలు విషయాలుగా దాని మెదడు నమోదు చేసుకుంటుంది. ఆ గడువు దాటాక ఎదురయ్యే ప్రతి కొత్తదాన్నీ ముందుగా అనుమానిస్తుంది. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు 1961లో ప్రచురించిన ప్రయోగం దీనికి పునాది. ఎత్తైన కంచె ఉన్న పొలంలో మనిషి పొడ తగలకుండా పిల్లలను పెంచి, వేరువేరు వయసుల్లో కొన్నిటిని ఒక్కో వారం పాటు మనుషుల మధ్యకు తెచ్చారు. పద్నాలుగు వారాలు నిండేదాకా మనిషిని ఎరగని పిల్లలు ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మనిషి చేతికి అడవి జంతువుల్లాగే బెదిరాయి.

మీ కుక్క నలభై రోజులకే తల్లినీ తోబుట్టువులనూ వదిలి వచ్చింది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు చెబుతున్నా, నలభై రోజుల పిల్లలు మన దగ్గర బహిరంగంగా చేతులు మారుతూనే ఉన్నాయి. తోబుట్టువులతో కలబడి ఆడుకునే ఆ వారాల్లోనే పిల్ల తన పళ్లను ఎంత గట్టిగా దించవచ్చో నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే ఎదుటి పిల్ల కుయ్యిమని ఆట ఆపేస్తుంది. ఆ పాఠం సగంలో ఆగిపోయిన కుక్క పెద్దయ్యాక కరిస్తే గాయం లోతుగా ఉండే ప్రమాదం ఎక్కువ. ఆ తర్వాత అయిదో నెల దాకా గుమ్మం దాటలేదు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో, డిస్టెంపర్ అనే అంటువ్యాధుల భయంతో ఇలా చేయమని చెప్పిన వైద్యులది తప్పని అనలేను, ఎందుకంటే మన వీధుల్లో పార్వో నిజమైన ప్రమాదమే. కానీ ఇంట్లో కట్టిపడేయడం, వీధిలో నేల మీద వదలడం అనే రెండింటికీ మధ్య దారి ఉంది. పిల్లను చేతుల్లో ఎత్తుకుని రోడ్డు చూపించవచ్చు, ఆటో శబ్దం వినిపించవచ్చు, గడ్డం ఉన్నవాళ్లను, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను, చేతికర్ర పట్టుకున్న పెద్దవాళ్లను, బురఖా వేసుకున్నవాళ్లను, స్కూలు యూనిఫామ్ పిల్లలను ఇంటికి పిలిచి వాళ్ల చేతితో రెండు మెతుకులు పెట్టించవచ్చు. పశువైద్య ప్రవర్తన శాస్త్రాన్ని పట్టించుకునే అమెరికా సంఘం 2008లోనే, మొదటి టీకా వేసి వారం గడిచిన ఏడెనిమిది వారాల పిల్లను శుభ్రమైన చోట మిగతా పిల్లలతో కలపవచ్చని ప్రకటించింది. మీ కుక్కకు ఆ కాలం దాటిపోయింది. మీ మాటలు చదివేవాళ్లలో చిన్న పిల్లను తెచ్చుకున్నవాళ్లకు ఇంకా దాటలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నొప్పి గురించి మరింత చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో దాన్ని గుర్తించేవాళ్లు చాలా తక్కువ. కుక్క నొప్పి పెడితే అరుస్తుందని, కుంటుతుందని, తిండి మానేస్తుందని మనం అనుకుంటాం. దీర్ఘకాలంగా నొప్పి పడుతున్న కుక్క చాలాసార్లు అవేవీ చేయదు. శుభ్రంగా తింటుంది, నడకకు వస్తుంది, తనను ముట్టుకునే చేతిని మాత్రం సహించలేదు. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ మిల్స్ బృందం 2020లో రాసినదాని ప్రకారం, ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరకు పంపిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడో వంతు వాటికి ఏదో ఒక నొప్పి కారణంగా ఉంది. నా అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. ఒక కుటుంబం అయిదేళ్ల జర్మన్ షెపర్డ్‌ను పిల్లలు వీపు మీద చెయ్యి వేస్తే కసురుతోందని తీసుకువచ్చింది. గదిలో నిలబడినప్పుడు బరువంతా ముందు కాళ్ల మీద వేసి, వెనక కాళ్లను దగ్గరగా పెట్టుకుని నిలబడింది. కూర్చోమంటే తుంటిని ఒక పక్కకు వాల్చి మెల్లగా కూర్చుంది. వెనక కాలును నెమ్మదిగా వెనక్కి చాచగానే అరవలేదు, గుర్రుమనలేదు. వగర్చడం ఆపి, తల తిప్పి నా చేతి వైపు చూసింది. ఎక్స్‌రే తీస్తే రెండు తుంటి కీళ్లూ అరిగి ఉన్నాయి. నొప్పి మందులు ఇచ్చి, బరువు తగ్గించి, నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా చాపలు పరిచాక కొన్ని వారాలకే కసురుకోవడం బాగా తగ్గింది, అయితే పిల్లల చేతి మీద ఏర్పడిన అపనమ్మకం పోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

మీ కుక్క విషయంలో నా అనుమానం చెవుల మీద. లాబ్రడార్‌కు వేలాడే చెవులు, అలర్జీలకు లోనయ్యే చర్మం, నీళ్లంటే ఇష్టం. మన వానాకాలపు తేమ వీటికి తోడైతే చెవి లోపల ఈస్టు, బాక్టీరియా సులభంగా పెరుగుతాయి. తల విదిలించడం, చెవి తుడవబోతే తప్పించుకోవడం, చెవి మొదట్లో ముట్టుకుంటే ఒళ్లు బిగించడం, గోధుమరంగు గుమిలి, ఒక రకమైన పులిసిన వాసన దీని గుర్తులు. తల నిమరబోయిన మీ బావమరిది చెయ్యి సరిగ్గా ఆ చెవి పక్కకే వెళ్లింది. కుక్కను పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లి చెవి లోపలి గొట్టాన్ని, కర్ణభేరిని పరికరంతో చూడమని అడగండి; నొప్పి ఎక్కువగా ఉంటే మత్తు ఇచ్చి చూడడమే కుక్కకూ, వైద్యుడికీ క్షేమం. చెవితో పాటు తుంటి, మోచేతి కీళ్లను, పళ్లను చూడాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు కూడా మన ప్రాంతంలో సాధారణం కాబట్టి రక్త పరీక్ష, దానితో పాటు థైరాయిడ్ పరీక్ష చేయించడం మంచిది. వయసు మళ్లిన కుక్కల్లో చూపు, వినికిడి తగ్గడం వల్ల, మెదడు మందగించడం వల్ల కూడా ఉలిక్కిపడి కరవడం ఉంటుంది, మూడేళ్ల కుక్కకు ఆ ఆలోచన అక్కర్లేదు.

దీపావళి తర్వాతే సమస్య ఎక్కువైందని మీరు గమనించడం సరైనదే. మనిషికి వినిపించే శబ్దాల హద్దు సుమారు 20,000 హెర్ట్జ్ అయితే కుక్కకు 45,000 దాకా వినిపిస్తుంది. పైగా బాణసంచా మోత ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో దానికి తెలియదు. వినాయక నిమజ్జనం డీజేలు, పెళ్లి బరాత్‌లు, బోనాల డప్పులు, ఉరుములు అన్నీ ఇదే కోవలోవి. మంచం కింద దూరి వణుకుతున్న కుక్కను దగ్గరకు తీసుకుంటే భయం పెరుగుతుందని కొందరు అంటారు, అది నిజం కాదు; దగ్గరకు వచ్చిన కుక్కను నిమరవచ్చు, దాక్కున్నదాన్ని బయటికి లాగకూడదు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. గట్టి భయం కలిగినప్పుడు రక్తంలో చేరిన ఒత్తిడి హార్మోన్లు, మెదడులో లేచిన జాగరూకత వెంటనే దిగిపోవు. రాత్రంతా బాణసంచా విన్న కుక్కకు మర్నాడు ఉదయం చుట్టాలు రావడం, మధ్యాహ్నం చెవి మందు వేయడం, సాయంత్రం లిఫ్టులో ఇంకో కుక్క ఎదురవడం ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా దాన్ని కాటు దాకా తీసుకువెళ్లకపోవచ్చు. అందుకే మీ కుక్క ఇంత చిన్నదానికి కరిచిందేమిటని మీకు అనిపిస్తుంది. కరిచే ముందు మూడు రోజుల్లో ఏమేం జరిగిందో కాగితం మీద రాసి చూడండి.

ఇతర కారణాలూ ఉన్నాయి గాని మీ వర్ణనకు అవి సరిపోవడం లేదు. తిండి గిన్నె దగ్గర, దొరికిన ఎముక దగ్గర గుర్రుమనే కుక్కకు అది చేజారిపోతుందన్న ఆందోళన ఉంటుంది. పిల్లలు పెట్టిన తల్లి కాపలా వేరు. కిటికీలోంచి వీధి కుక్కను చూసి ఊగిపోతున్నప్పుడు మెడ పట్టీ పట్టుకున్న యజమాని చేతిని కరవడం వేరు. పరుగెత్తే పిల్లినో సైకిల్‌నో తరమడం అసలు భయం కాదు, వేట బుద్ధి. రోజంతా గొలుసుతో కట్టేసి, రాత్రి మాత్రమే విప్పే కుక్కలు ఉగ్రంగా మారడం మన ఊళ్లలో అందరికీ తెలిసినదే, కొందరు కాపలా కోసం కావాలనే ఆ పని చేస్తారు; అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇప్పుడేం చేయాలన్నదానికి వస్తాను. వైద్య పరీక్ష అయ్యేదాకా ఏ శిక్షణా మొదలుపెట్టవద్దు. చెవి నొప్పితో ఉన్న కుక్కకు తల ముట్టించుకోవడం నేర్పడం క్రూరత్వమే అవుతుంది. ఇంట్లో అందరూ, ముఖ్యంగా మీ మామగారు, కొట్టడం, కసరడం ఆపాలి. చెప్పి ఒప్పించడం కష్టమైతే ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించండి. చుట్టాలు వచ్చేముందే కుక్కను వేరే గదిలోకి పంపి, అక్కడ దానికి నమలడానికి ఏదైనా ఇచ్చి తలుపు వేయండి. ఇది సమస్య నుంచి తప్పించుకోవడం కాదు. భయపడే పరిస్థితిలోకి మళ్లీ మళ్లీ వెళ్లిన కొద్దీ ఆ అలవాటు బలపడుతుంది కాబట్టి, మార్పు మొదలయ్యేదాకా ఆ పరిస్థితే రాకుండా చూడడం చికిత్సలో సగభాగం. గాలి ఆడే బుట్ట తరహా మూతి తొడుగును, అందులో పెరుగన్నమో గుడ్డో రాసి కుక్క తనంతట తానే మూతి పెట్టేలా, రోజుకు కొంచెం చొప్పున అలవాటు చేయండి. నోరు గట్టిగా బిగించే గుడ్డ తొడుగు వద్దు, అందులో కుక్క వగర్చలేదు, మన ఎండల్లో అది ప్రమాదకరం.

భయాన్ని తగ్గించే అసలు పని దూరంతో మొదలవుతుంది. కొత్త మనిషిని చూసి కూడా మీ కుక్క తిండి తినగలిగే దూరం ఎంతో కనిపెట్టండి. అది అపార్టుమెంటు ఆవరణలో ముప్పై అడుగులు కావచ్చు, యాభై కావచ్చు. మనిషి కనిపించగానే ఉప్పూకారం లేకుండా ఉడికించిన, ఎముక లేని చికెన్ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి, మనిషి కనుమరుగు కాగానే ఆపేయండి. వరుస ముఖ్యం: ముందు మనిషి, వెంటనే తిండి. కొన్నాళ్లకు మనిషి కనబడగానే కుక్క మొరగడానికి బదులు మీ ముఖం వైపు చూస్తుంది. అప్పుడే దూరం ఒక్క అడుగు తగ్గించాలి. తినడం మానేసినా, ముక్కను లాక్కున్నట్టు గట్టిగా తీసుకున్నా మీరు తొందరపడ్డారని అర్థం, వెనక్కి జరగండి. వచ్చిన చుట్టాన్నే కుక్కకు చేత్తో తినిపించమనడం మాత్రం వద్దు. ముక్క మీద ఆశతో భయపడే మనిషి చేతి దాకా వచ్చి, ముక్క అయిపోగానే తాను ఎంత దగ్గరగా ఉన్నదో గమనించి కరిచిన కుక్కలను నేను చూశాను. చుట్టాలు దాన్ని చూడకుండా, పలకరించకుండా, చెయ్యి చాపకుండా కూర్చుంటే చాలు. కుక్కలంటే నాకు చాలా ఇష్టం, నన్నేమీ అనదు అనే బంధువుతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

భయం బాగా లోతుగా ఉన్న కుక్కలకు ఈ పని మందు సాయం లేకుండా ముందుకు సాగదు. ఫ్లూక్సెటిన్ వంటి మందులు రోజూ ఇచ్చినా ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మోతాదు కుక్క బరువును, కాలేయం స్థితిని బట్టి పశువైద్యుడే నిర్ణయించాలి, మనుషుల మందు ఇంట్లో ఉంది కదా అని ఇవ్వకూడదు. బాణసంచా రాత్రుల కోసం వేరే మందులు ఉన్నాయి. ఏస్‌ప్రొమజిన్ అనే మత్తు మందు ఒక్కటే ఇచ్చి పడుకోబెట్టడం చాలా చోట్ల జరుగుతోంది. అది ఒంటిని కదలనివ్వదు గాని భయాన్ని తీసేయదు, కదలలేక భయపడుతున్న కుక్క మరుసటి ఏడు ఇంకా ఎక్కువగా భయపడుతుంది. ఈ విషయం మీ వైద్యుడితో దీపావళికి కనీసం రెండు నెలల ముందే మాట్లాడండి. వృషణాలు తీసివేయిస్తే శాంతిస్తుందని మీకు ఎవరో చెప్పినట్టు రాశారు. తిరుగుళ్లు, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయడం దానితో తగ్గవచ్చు గాని, భయం వల్ల వచ్చే దూకుడుకు అది చికిత్స కాదు. వేరే కారణంతో చేయించాలనుకున్నా భయం అదుపులోకి వచ్చేదాకా ఆగండి.

ఎవరికైనా ఇచ్చేయాలా అన్న మీ చివరి ప్రశ్నకు ఇప్పుడే అవునని గాని, కాదని గాని చెప్పడం న్యాయం కాదు. చెవిలోనో కీళ్లలోనో నొప్పి బయటపడి, దానికి చికిత్స జరిగి, దెబ్బలు ఆగి, పైన చెప్పిన పద్ధతి మూడు నాలుగు నెలలు సాగాక చూసి నిర్ణయించుకోవాల్సిన విషయం అది. ఆ లోపు మీ నాలుగేళ్ల పాపనూ కుక్కనూ పెద్దవాళ్లు పక్కన లేకుండా ఒక్క నిమిషం కూడా ఒకే గదిలో ఉంచవద్దు. పెద్దవాళ్లు పక్కన ఉండడమంటే ఫోను చూసుకుంటూ సోఫాలో కూర్చోవడం కాదు, చెయ్యి అందేంత దగ్గరలో ఉండి చూస్తూ ఉండడం. అది మీ ఇంట్లో సాధ్యం కాదనిపిస్తే, తలుపులూ గ్రిల్లూ పెట్టి విడిగా ఉంచే వసతి లేకపోతే, చిన్న పిల్లలు లేని, కుక్కల గురించి తెలిసిన ఇల్లు వెతకడం పాపకూ కుక్కకూ మంచిదే, అందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలా ఇచ్చేటప్పుడు మాత్రం అది ఎవరిని, ఎప్పుడు, ఏ పరిస్థితిలో కరిచిందో, ఏ మందులు వాడుతోందో తీసుకునేవాళ్లకు పూర్తిగా రాసి ఇవ్వండి. పరీక్షకు వెళ్లేటప్పుడు గ్రిల్ వెనుక నుంచి తీసిన ఆ వీడియోను, కాటుకు ముందు మూడు రోజుల వివరం రాసిన కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. చెవుల పరీక్షలో ఏం తేలిందో తెలిశాక రాస్తే తర్వాతి అడుగు ఏమిటో చెబుతాను.